రెండు దెబ్బల మధ్య

డాలస్ నుంచి ఉత్తరంగా యూఎస్ 75 హైవే పట్టుకుని వెళ్తే ప్లేనో దాటాక ఆలెన్, ఆ పైన మెకిన్నీ వస్తాయి. పడమటి వైపు ఫ్రిస్కో. ఈ నాలుగు ఊళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారంటే, కొట్లో గోంగూర కట్టలు ఏరుకుంటున్నావిడ ఫోనులో "ఆయ్, వచ్చేత్తన్నానండి" అన్నా ఎవరూ తల తిప్పి చూడరు. ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడి మెట్ల మీద కూచుంటే అమలాపురం సంబంధాలూ, భీమవరం రొయ్యల చెరువుల ధరలూ వినపడతాయి.

హైవే పక్కనే ఆలెన్ ప్రీమియం అవుట్‌లెట్స్ కనపడుతుంది. మన పండగ సీజన్లో రాజమండ్రి మెయిన్ రోడ్డులా శని, ఆదివారాలు కిటకిటలాడే బజారు. 2023 మే 6, శనివారం మధ్యాహ్నం ఒకడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో కారు దిగి, కొద్ది నిమిషాల్లో ఎనిమిది మందిని చంపాడు. చనిపోయినవారిలో మన తెలుగమ్మాయి ఒకరు. ఇంజనీరుగా పనిచేసుకుంటున్న పిల్ల. వేరే పనిమీద అక్కడికి వచ్చిన పోలీసు అతను పరుగెత్తుకెళ్లి ఆ మనిషిని కాల్చకపోతే ఇంకెందరు పోయేవారో.

మా మేనల్లుడి ఇల్లు అక్కడికి దగ్గరే. పిల్లల బూట్లు, బట్టలు అన్నీ ఆ బజార్లోనే కొంటారు. ఆ రోజు నుంచి తుపాకి కొనాలా, వద్దా అని ఆ ఇంట్లో మొగుడూపెళ్లాలకి ఒకటే వాదన. ఈ ఏప్రిల్‌లో నేను వెళ్లేసరికి వాదన తేలకుండానే తుపాకి వచ్చేసింది. హాల్లో పొడవాటి అట్టపెట్టె. ఇంకా విప్పలేదు. "నువ్వొచ్చాక విప్పుదామని ఆగాను మావయ్యా. ముందు షూటింగ్ రేంజికి తీసుకెళ్లి చూద్దాం" అన్నాడు. కోడలుపిల్ల నా వంక చూసి ఏమీ అనలేదు.

కాని ఆ తుపాకిని నేను ముట్టుకోవాలంటే ముందు ఇంకో పని ఉంది. మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు కనక వివరంగా రాస్తున్నాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, నా మాదిరి చూడ్డానికి వచ్చినవాళ్లు గాని, హెచ్1బీ మీద ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు గాని, అంటే నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలో అడుగుపెట్టినవాళ్లు, తుపాకి కొనకూడదు, చేతిలో ఉంచుకోకూడదు, తూటా కూడా దగ్గర ఉండకూడదు. రేంజిలో సరదాగా ఒక దెబ్బ వెయ్యడం కూడా ఇందులోకే వస్తుంది. దీనికి ఉన్న మినహాయింపుల్లో మామూలు మనిషికి అందేది ఒక్కటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. పౌరసత్వం ఉన్నవాళ్లకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ ఈ అడ్డు లేదు. వీకెండ్‌కి నలుగురు కుర్రాళ్లు కలిసి రేంజికి వెళ్లి, ఫొటోలు దిగి, ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటారు. అందులో ఇద్దరు హెచ్1బీ వాళ్లుంటారు. అది ఫెడరల్ నేరం అవుతుందని వాళ్లకి చెప్పే పెద్దవాళ్లు ఉండరు. వీసా మీద ఉన్న పిల్లలు దయచేసి ఇది గుర్తుపెట్టుకోవాలి.

వాల్‌మార్టులో చేపల గేలాలు అమ్మే కౌంటరు దగ్గర టెక్సస్ వేట లైసెన్సు ఇస్తారు. పాస్‌పోర్టు చూసి, కంప్యూటర్లో నాలుగు వివరాలు ఎక్కించి, పొడుగ్గా ఒక కాగితం చేతిలో పెట్టారు. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లయితే టెక్సస్‌లో వేటకి వెళ్లడానికి శిక్షణ కోర్సు కూడా చెయ్యాలి. అంతకుముందు పుట్టినవాణ్ణి కనక నాకు ఆ అవసరం లేదన్నారు. రాజమండ్రిలో ఇదే పనికి అర్జీ, పోలీసు విచారణ, కలెక్టరాఫీసు, ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకి స్టేషన్లో జమ. మన పద్ధతిలో విసుగున్నా, ఆ ఆలస్యం మంచిదనే నా నమ్మకం.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి పెట్టె విప్పాం. మోస్‌బర్గ్ 500 షాట్‌గన్. పన్నెండు బోరు, ఇరవై ఎనిమిది అంగుళాల గొట్టం, పైన గాలి ఆడే సన్నటి పట్టీ, దాని చివర తెల్లపూస. చెక్కకి వాల్‌నట్ రంగు. మూడున్నర కిలోలకి కాస్త తక్కువ బరువు. స్వీడన్ నుంచి వలస వచ్చిన ఆస్కార్ మోస్‌బర్గ్ అనే ఆయన 1919లో కనెటికట్‌లో కొడుకులతో కలిసి పెట్టిన కంపెనీ అది. ఈ 500 రకం 1961లో బయటికి వచ్చింది. ఇప్పటికి కోటి పైనే చేశారు. దీనికి పోటీ రెమింగ్టన్ 870. అదీ కోటి దాటినదే. ఖరీదైన ఇటాలియన్ తుపాకులు కొనలేని రైతులు, లారీ డ్రైవర్లు, మెకానిక్కులు ఈ దేశంలో తరతరాలుగా ఎక్కువగా పట్టుకున్నవి ఇలాంటివే.

కొత్త తుపాకికి ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా చిక్కటి నూనె పూస్తారు. అది తుడవకుండా కాలిస్తే జిగురై లోపల అంటుకుపోతుంది. గొట్టం విప్పి, కడ్డీకి గుడ్డముక్క చుట్టి ఇటునుంచి అటు లాగితే మొదటి గుడ్డ నల్లగా వచ్చింది. తెల్లటి గుడ్డ తెల్లగానే బయటికొచ్చేదాకా తుడిచాం. ముందుపిడిని వెనక్కి లాగి చూశాను. బిగువుగా, గరగరలాడుతూ కదిలింది. ఆ పిడి నుంచి రెండు ఇనప పట్టీలు లోపలికి వెళ్లి, గొట్టం వెనక భాగాన్ని మూసే తాళపు ముక్కని వెనక్కి లాగుతాయి. కాల్చేసిన తూటా పక్కనుంచి బయటికి ఎగురుతుంది. పిడి ముందుకి తోస్తే, గొట్టం కింద ఇంకో గొట్టంలో వరసగా ఉన్న తూటాల్లోంచి కొత్తది పైకి లేచి లోపల కూచుంటుంది. పంప్ యాక్షన్ అనే యంత్రం ఇంతే. ఇందులో గ్యాసు తోసేది గాని, కాల్చిన అదురుతో తనంతట తాను తిరిగేది గాని ఏమీ లేదు. ఎడమ చెయ్యి పని చెయ్యకపోతే రెండో దెబ్బ లేదు.

అది చూస్తుంటే మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. గోకవరం అవతల, మెట్టభూములు అయిపోయి ఏజెన్సీ కొండలు మొదలయ్యే చోటు. అడవి పందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను దున్నేసి పోయేవి. తాతయ్యకి పంట కాపాడుకోడానికి లైసెన్సున్న మందుకూరే తుపాకి ఉండేది. 1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణకి ఇలాంటి తుపాకి ఇవ్వొచ్చని ప్రత్యేకంగా రాసి ఉంది. ఆయన ఒకసారి కాల్చాడంటే మళ్లీ కాల్చడానికి చేసే పని చూడాలి. తుపాకి నిలబెట్టి, కొలతగా మందు పోసి, కొబ్బరిపీచు ఉండ కూరి, కడ్డీతో దట్టించి, సీసపు గుళ్లు వేసి, మళ్లీ పీచు కూరి, చిట్టచివర సుత్తి కింద కేపు పెట్టాలి. ఇంతలో పంది ఏటి అవతలికి వెళ్లిపోయేది. తాతయ్య తిట్టుకునేవాడు కాదు. బెదిరింది చాలు, ఇవాళ్టికి రాదులే అనేవాడు.

మర్నాడు పొద్దున్నే ఎల్మ్ ఫోర్క్ షూటింగ్ స్పోర్ట్స్‌కి వెళ్లాం. డాలస్ వాయవ్యాన, ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయకి దగ్గర్లో ఉంది. నీళ్లు తీసిన లంకభూమిలా పల్లంగా, పచ్చగా ఉంటుంది ఆ చోటు. వరసగా సిమెంటు బాటలు. ఎదురుగా నేలలోకి సగం దిగిన చిన్న గది. అందులోంచి మట్టిపలకలు ఎగురుతాయి. గడ్డి మీద ఎక్కడ చూసినా నారింజరంగు పెంకులు, ఎర్రవీ ఆకుపచ్చవీ ఖాళీ తూటా గొట్టాలు. గాలిలో కాలిన మందు వాసన. మా ఊళ్లో దీపావళి మర్నాడు పొద్దున్న వీధిలో ఉండే వాసన.

అందరూ కళ్లద్దాలు, చెవులకి మూతలు పెట్టుకోవాలి. తుపాకి పట్టుకుని నడిచేవాడి తాళం తెరిచి ఉండాలి, గొట్టం ఆకాశం వైపు ఉండాలి. నీ చోట నువ్వు నిలబడేదాకా తూటా పెట్టకూడదు. ఎగిరే పలకల్ని కాల్చే ట్రాప్ ఆటలో ఒక్కసారికి ఒక్క తూటాయే. అంటే లోపల అయిదు పట్టే తుపాకి అయినా అక్కడ ఒంటి తూటా తుపాకే. ఈ నియమాలు గోడ మీద రాసి ఉన్నాయి. అయితే వాటిని నడిపేది ఆ గోడ కాదు, అక్కడ ఉన్న మనుషులు. మా పక్క బాటలో ఎనభై దాటినట్టున్న ముసలాయన పక్కకి తిరిగి మాట్లాడబోతూ ముందు తుపాకి తెరిచి, లోపల వేలుపెట్టి చూసుకుని, అప్పుడు మావైపు తిరిగి నమస్కారం చేసినట్టు తల ఊపాడు. ఆ అలవాటు అతనికి ఊపిరి అంత సహజంగా ఉంది. మన జిల్లాల్లో పెద్దింటి పెళ్లి ఊరేగింపులో మత్తులో ఉన్న చేతులు గాలిలోకి తుపాకి పేల్చడం చూసినవాణ్ణి. పక్కనే పిల్లలు గంతులు వేస్తుంటే, పేల్చినవాడికి వెన్ను తట్టేవాళ్లు. ఎల్మ్ ఫోర్క్‌లో అలాంటి పని చేస్తే ఆ మనిషిని గేటు బయట నిలబెడతారు.

ముందు కాగితం మీద కాల్చి చూశాం. నలభై గజాల దూరంలో పెద్ద కాగితం, మీద ముప్ఫై అంగుళాల వలయం. ఏడున్నర నంబరు గుళ్లు ఔన్సుకి 350 దాకా ఉంటాయి. మా తూటాలో ఔన్సుంపాతిక కంటే కాస్త తక్కువ, కనక నాలుగు వందలకి దగ్గరగా గుళ్లు. గొట్టం చివర బిగించే చోక్‌ని బట్టి అవి విచ్చుకునే తీరు మారుతుంది. మాడిఫైడ్ అనే చోక్ పెడితే నూటికి అరవై గుళ్లు ఆ వలయంలో పడాలని లెక్క. కాగితం దగ్గరకెళ్లి చూస్తే కుడివైపు పైన ఒత్తుగా, ఎడమ దిగువన పలచగా ఉన్నాయి చిల్లులు. "తుపాకి వంకరా మావయ్యా?" అని వాడు కంగారు పడ్డాడు. తుపాకిలో ఏమీ లేదు. వాడి చెంప చెక్కకి ఆనడం లేదు. తల ఎత్తి చూస్తున్నాడు. ఇలాంటి షాట్‌గన్‌కి వెనక గురికన్ను ఉండదు. మనిషి కన్నే వెనక గురి. చెంప ఒక అంగుళం లేస్తే గురి కూడా లేస్తుంది.

తర్వాత ట్రాప్ బాటకి వెళ్లాం. గదికి పదహారు గజాల వెనక అయిదు చోట్లు, చోటుకి అయిదు చొప్పున మొత్తం ఇరవై అయిదు పలకలు. పలక అంటే పదకొండు సెంటీమీటర్ల వెడల్పున్న నారింజ సాసరు. "పుల్" అనగానే అది నేలలోంచి లేచి, ఎడమకో కుడికో, ఎటో ముందు తెలియకుండా, నీ నుంచి దూరంగా పోతుంది. దాన్ని చూసి, దాని మీద పూస పెట్టి, మీట నొక్కితే నీ గుళ్లు అది అప్పుడే వదిలి వెళ్లిన చోటికి వెళ్తాయి. వెనకనుంచి దాని దారినే గొట్టం తిప్పుతూ వచ్చి, దాన్ని దాటుతుండగా, తిప్పడం ఆపకుండా కాల్చాలి. మంచె మీద వడిసెల తిప్పినవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. రాయి వదిలాక కూడా చెయ్యి ఆగదు.

మా వాడు మొదట్లో పలకలన్నీ వదిలేశాడు. తర్వాత ఒకటి పగిలింది. సాసరు ఉన్న చోట నల్లటి పొగపిసరు, కింద రాలే పెంకులు. వాడి మొహం వెలిగిపోయింది. ఆ ఉత్సాహంలో పిడి సగమే వెనక్కి లాగి ముందుకి తోశాడు. ఖాళీ తూటా గొట్టం తాళంలో ఇరుక్కుపోయి సగం బయట, సగం లోపల. తుపాకి గొట్టం ముందుకే ఉంచి, ఎడమ చెయ్యి ఎత్తి నిలబడ్డాడు, చెప్పినట్టే. రేంజి ఆఫీసరు వచ్చింది. పొట్టి జుట్టు, ఎండకి మాడిన చేతులు. ఆవిడ తుపాకి తన చేతిలోకి తీసుకోలేదు. మీట వెనక ఉన్న విడుదల గుండీ నొక్కమంది, పిడిని చివరిదాకా, భుజం వైపు గుద్దుతున్నట్టు లాగమంది. ఖాళీ గొట్టం ఎగిరి గడ్డిలో పడింది. పంప్ తుపాకి మొహమాటపడేవాడికి పనికిరాదని, కొత్తది కనక అరుగుదల వచ్చేదాకా ఇంకా గట్టిగా లాగాలని చెప్పి వెళ్లిపోయింది.

నా వంతు వచ్చినప్పుడు తుపాకి మడమని భుజం గుంటలో గట్టిగా ఆన్చాను. వదులుగా పట్టుకుంటే గుద్దు ఎముకకి తగులుతుంది. చెంప చెక్కకి ఆన్చి, బొటనవేలితో పైనున్న సేఫ్టీ ముందుకి తోసి, "పుల్" అన్నాను. శబ్దం చెవి మూతల్లోంచి కూడా ఛాతీకి తగిలింది. పలక సాగిపోయింది. పిడి లాగాను. చేతికి మెత్తగా ఒక బరువు జరిగినట్టు, తర్వాత లోహం లోహంలో కూచున్న చప్పుడు. తాళం తెరిచి ఉంది, లోపల ఖాళీ. తర్వాతివాడి వంతు. మళ్లీ నా వంతు వచ్చేదాకా ఆలోచించుకోడానికి బోలెడు సమయం. నన్ను పట్టుకున్నది ఈ సమయమే. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎంతసేపు అన్న దాన్ని తగ్గించుకుంటూ వచ్చిందే తుపాకి చరిత్ర అంతా. తాతయ్యకి నిమిషం పైన పట్టేది. పంప్‌కి ఒక చేతి విసురు చాలు. ఆలెన్ బజార్లో వాడిన రైఫిలుకి వేలు కదలడమే చాలు.

తుపాకి చరిత్ర అనుకుంటే మా మన్యం కూడా గుర్తొస్తుంది. గోకవరం నుంచి రంపచోడవరం వెళ్లే రోడ్డులో ఏ ముసలివాళ్లని కదిపినా అల్లూరి సీతారామరాజు తుపాకుల సంగతి చెప్తారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన దళం పడింది. మూడు రోజుల్లో 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తీసుకెళ్లారు. 1878 ఆయుధాల చట్టం తెచ్చి మన దేశంలో సామాన్యుడి చేతిలో తుపాకి లేకుండా చేసిన తెల్లదొరలకి అది పెద్ద దెబ్బ. అయితే అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లలోకి వెళ్లేసరికి అక్కడ తుపాకులు దొరకలేదు. తూటా అయిపోతే తుపాకి కర్రముక్కే. మన్యంవాళ్లు దాదాపు రెండేళ్లు పోరాడింది ఆ 26 తుపాకుల బలంతో కంటే విల్లంబులతో, అడవి దారులు తెలిసిన కాళ్లతో. 1924 మే 7న రాజుని పట్టుకుని చెట్టుకి కట్టి కాల్చేశారు. అటువైపు తూటాలకి లోటు లేదు.

పంప్ తుపాకి యుద్ధంలోకీ వెళ్లింది. జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన వించెస్టర్ 1897ని మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కందకాల్లో వాడింది. 1918 సెప్టెంబరులో జర్మనీ, అది అమానుషమైన ఆయుధమని అధికారికంగా నిరసన తెలిపింది. విషవాయువు వదిలిన దేశం ఆ మాట అనడం వేరే సంగతి. అయితే ఒలింపిక్ పోటీల్లో పంప్‌కి అసలు చోటే లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లో సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ కూడా పనికొస్తుంది గాని పంప్ యాక్షన్ పనికిరాదు. అక్కడ ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలున్న తుపాకులదే రాజ్యం. హైదరాబాదీ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌కి వెళ్లిందీ, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో జట్టుతో స్వర్ణం, ఒంటరిగా కాంస్యం తెచ్చిందీ అలాంటి తుపాకితోనే. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న హైదరాబాద్ రేంజిలో మట్టిపలకలు ఎగరేసే బాటలున్నాయి. గోదావరి జిల్లాల పిల్లల్లో కన్నూ చెయ్యీ కలిసినవాళ్లకి కొదవా? తుపాకిని వాళ్లు మొట్టమొదట చూసేది సినిమా పోస్టరు మీద కాకుండా, ఎల్మ్ ఫోర్క్ రేంజి ఆఫీసరులాంటి మనిషి పక్కన నిలబడే చోట అయితే బాగుండు.

మన దేశంలో పంప్ యాక్షన్ లేదని కాదు. తిరుచిరాపల్లి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పన్నెండు బోరు పంప్ తుపాకి చేస్తుంది. లైసెన్సు మీద కొనుక్కోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండేవి. టెక్సస్‌లో ఆ లెక్కే లేదు. మా వాడి ఆఫీసులో ఒకాయన దగ్గర ఒక గది నిండా ఉన్నాయట.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, దుప్పటి పరిచి, మళ్లీ గొట్టం తుడిచాం. మసి, చోక్ దగ్గర అంటుకున్న ప్లాస్టిక్ తునకలు, సన్నటి సీసపు పొర. తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం మంచిది కాదు. పిల్లల్ని ఆ బల్ల దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు అసలు మాట వచ్చింది. తుపాకి ఎక్కడ ఉంచాలి?

మేనల్లుడిది ఒకటే పట్టు. ఇంటిని కాపాడుకోడానికి కొన్నది కదా, మంచం పక్క బీరువాలో, తూటాలు పెట్టి ఉండాలి. కోడలుపిల్ల భీమవరం మనిషి. అరవదు గాని జరగదు. "మావయ్యగారూ, మీరే చెప్పండి. పెద్దది పన్నెండేళ్లది, చిన్నాడు ఎనిమిది. వాడు బీరువా ఎక్కి చాక్లెట్లు తీస్తాడు" అంది. టెక్సస్ చట్టం కూడా ఆమె పక్షానే ఉంది. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా, భద్రం చెయ్యకుండా తూటాలున్న తుపాకి వదిలేసి, అది పిల్లలకి దొరికితే పెద్దవాళ్లది నేరం. నేను చట్టం సంగతి చెప్పలేదు. ఆమె చెప్పిందే సరైనదన్నాను. వాడి భయం నాకు అర్థం కాక కాదు. ఆ బజారు ముందు నుంచి రోజూ ఆఫీసుకి వెళ్లేవాడు. కాని పిల్లలున్న ఇంట్లో, దొంగ కంటే ముందు ఆ బీరువా తెరిచేది చిన్నాడే.

"ఎవడైనా చొరబడితే తాళం తీసి, గ్యారేజీలోంచి తూటాలు తెచ్చి, పెట్టేసరికి ఎంతసేపు పడుతుందో తెలుసా?" అన్నాడు వాడు.

"పట్టనీ" అంది.

సాయంత్రం ముగ్గురం వెళ్లి గోడకి బిగించే ఇనప లాకరు తెచ్చాం. పెట్టెలో తుపాకితో పాటు వచ్చిన కేబుల్ తాళం, ఖాళీ తూటా బయటికొచ్చే కంతలోంచి దూర్చి వేశాం. తూటాలు గ్యారేజీలో, వేరే తాళంతో. రెండు తాళంచెవులూ కోడలుపిల్ల తీసుకుంది. రేంజిలో పిల్లలకి ట్రాప్ నేర్పే క్లాసు ఉందేమో కనుక్కుని, ఉంటే వేసవి సెలవుల్లో పెద్దపిల్లని చేర్చాలని ఒప్పుకుంది కూడా తనే. మొదటిరోజు తనే దగ్గరుండి తీసుకెళ్తానని, ఆ ఆఫీసరుతో మాట్లాడాకే ఫీజు కడతానని షరతు పెట్టింది.